ఎర్ర గీత బకెట్లు

మా ఇంటికి పాలు పోసేవాడు ముందు చెంబు తిరగేసి, రెండుసార్లు విదిలించి, చుక్క నీరు లేదని నాకు చూపించాకే గేదె దగ్గర కూర్చునేవాడు. మా వీధిలో ఇంకెవరికీ ఆ మర్యాద లేదు. కూరలమ్మి తక్కెడ తీస్తే, ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమనేదాన్ని. రిక్షావాడు దగ్గరి దారిన తీసుకొస్తే ఇటెందుకు తెచ్చావని, చుట్టుదారిన తెస్తే అటెందుకు తెచ్చావని దెబ్బలాడేదాన్ని. పోర్టులో గుమస్తాగా ఉన్న మా ఆయన, "నిన్ను నర్సుగా ఎవరు వేశారో గానీ, కస్టమ్స్‌లో వేసుంటే ఒక్క ఫారిన్ వాచీ కూడా ఊళ్లోకి దిగేది కాదు" అనేవారు. నాకది పొగడ్తలాగే వినిపించేది. అనుమానం పెనుభూతమే అని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, ఆ భూతానికి నేను పీట వేసి భోజనం పెట్టుకున్నాను.

ఆ భూతం ఒక మనిషి నోటి దగ్గర కూడు ఎలా లాగేసిందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఇక నాకు నిద్ర పట్టేలా లేదు.

డెబ్బైల్లో నాకు విశాఖపట్నం పాత ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం. ఆసుపత్రి వెనక ఒక రేకుల షెడ్డు. దాని మీద బోర్డు 'అంటురోగాల వార్డు' అనేది గానీ, ఊరందరికీ అది కలరా షెడ్డు. నేను చేరిన ఏడాదే కలరా వచ్చింది. పదహారు మడత మంచాలు, ఒక్కొక్కదానికి కాన్వాసు గుడ్డ, గుడ్డకి నడుమ కంత, కంత కింద బకెట్టు. కలరా మనిషి లేచి నడవలేడు కనుక ఉన్నచోటే అంతా ఆ బకెట్లో పడేది. బకెట్టు బయట చుట్టూ ఎర్రరంగు గీత ఉండేది, దాన్ని మంచినీళ్లకి ఎవరూ ముట్టకూడదని గుర్తు. ఎంత పోయిందో అంత సెలైన్ ఎక్కించాలి. తక్కువైతే మనిషి దక్కడు. ఆ కొలతంతా మా ఆయమ్మ చేతిలో ఉండేది.

ఆయమ్మ అంటే షెడ్డు ఊడ్చి కడిగే మనిషి. బొబ్బిలి వైపు పల్లె నుంచి, మొగుడు పోయాక, పొలం మరుదులు దున్నుకుంటుంటే ఊరొదిలి వచ్చేసింది. ఆమె దగ్గర ఒక వెదురుకర్ర ఉండేది, కత్తితో గాట్లు పెట్టుకున్నది. గాటుకో సెలైన్ సీసా లెక్క. కర్రని బకెట్లో ముంచి తీసి, వార్డు ఆ చివర నుంచి కేకేసేది.

"సిస్టరమ్మా! మూడో మంచం రెండు గాట్లు దిగిపోనాది. రెండు సీసాలు ఎక్కించు, బేగి!"

డాక్టరు గారు కూడా ఆ కేకని బట్టే సీసా పెట్టించేవారు. ఆ ఏడాది మా షెడ్డుకి ప్రాణంతో వచ్చిన వాళ్లలో ఎక్కువమంది నడిచే వెళ్లారు. పేపరు వాళ్లు వచ్చారు, పెద్ద అధికారులు వచ్చారు, డాక్టరు గారికి దండ వేశారు. ఆయమ్మ ఆ వేళ వెనకాల బకెట్లు తోముతోంది.

మర్నాటి నుంచే ఏరు దాటి తెప్ప తగలేయడం మొదలైంది. మశూచి దేశంలోనే లేకుండా పోయిందన్నారు, మంచిదే. కానీ ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసి, గుమ్మం పక్కన సుద్దతో రాసొచ్చే మనుషులున్నారే, ఏ వీధిలో ఎవరికి జ్వరమో కళ్లు మూసుకుని చెప్పగలిగిన వాళ్లు, వాళ్లందర్నీ కుటుంబ నియంత్రణ టార్గెట్ల వెంట తరిమారు. కలరా కూడా కనపడటం మానేసింది కనుక మా షెడ్డు అందరికీ ఖాళీ గదిలా కనిపించసాగింది. ఒక పెద్దమనిషి ఇంట్లో పెళ్లని మంచాలు నాలుగు, బకెట్లు నాలుగు పట్టుకెళ్లారు. మంచాలు తిరిగి రాలేదు. బకెట్లు మాత్రం వచ్చాయి, అంచుల్లో పసుప్పచ్చగా ఏదో ఎండిపోయి. ఆయమ్మ గోకి, వాసన చూసి, మొహం చిట్లించింది.

"సాంబారు! కలరా బకెట్లో సాంబారు కాసి ఒడ్డించేసినారమ్మా! ఎర్ర గీత ఏటికని అడగొద్దా?"

"నువ్వు చెప్పలేదా?"

"సెప్పినాను. కడిగేత్తే పోద్దిలే, కలరా ఇప్పుడెక్కడుంది, పోనాది కదా అన్నారు. ఎక్కడికి పోనాది సిస్టరమ్మా? పెందుర్తిలో ఇల్లు కట్టుకుని ఎల్లిపోనాదా? మల్ల రానని మీ డాకటేరు బాబుకి ఉత్తరం రాసిందా?"

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆయమ్మ పన్నెండేళ్లుగా రోజుకూలి మీదే ఉంది. పర్మినెంట్ చేసే జాబితా తయారవుతోందని, అందులో ఆమె పేరు ఉందని మాకందరికీ తెలుసు. పర్మినెంటయితే ముసలితనంలో పింఛను. కాకపోతే చెయ్యి ఆడినన్నాళ్లే కూడు. ఆమెకి వేరే ఎవరూ లేరు. ఆ జాబితా సంగతి నన్ను వారానికోసారి అడిగేది, సిగ్గుపడుతూ, పెళ్లి సంబంధం గురించి అడిగినట్టు.

ఒక ఆదివారం పొద్దున్న పాత ఊరి బజారులో అల్యూమినియం గిన్నె కొందామని వెళ్లాను. రేకుల సామాన్లు చేసి, చిల్లులకి మాట్లు వేసే సాయిబు గారి కొట్టు ముందు ఆయమ్మ నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గర రెండు బకెట్లు. వాటి చుట్టూ ఎర్ర గీత.

నా గుండె ఝల్లుమంది. వెంటనే ఇంకోటి కూడా అయింది, అబద్ధమెందుకు, లోపల ఎక్కడో సంతోషం వేసింది. దొరికింది! నా అనుమానం ఎప్పుడూ ఊరికే పోదు! స్తంభం చాటున నిలబడ్డాను. సాయిబు గారు బకెట్లు లోపలికి తీసుకున్నారు. ఆమె ఖాళీ చేతుల్తో కొండవైపు నడిచింది. నేను గిన్నె సంగతి మరిచి వెంట నడిచాను.

ఆమెది కొండవాలులో ఒంటి గది ఇల్లు. అరుగు మీద చాప, దిండు, దుప్పటి మడతపెట్టి ఉన్నాయి. ఇల్లుండగా బయట పడుకోవడమేమిటి అనుకున్నాను. ఆమె తలుపు తీసింది. ఎదురింటి గోడ పక్క నుంచి చూస్తే గది లోపలంతా మా షెడ్డే. షెడ్డు తాళం ఆమె దగ్గరే ఉండేది, నేను దాన్ని తెరిచి చూసి ఏళ్లయింది. గోడకి ఆనించి మడత మంచాలు, దూలానికి కాన్వాసు గుడ్డలు, మూలగా బకెట్లు బోర్లించి ఒకదాని మీద ఒకటి. మూత బిగించిన బ్లీచింగ్ పౌడరు డబ్బా. మనిషి కాలు చాపుకునే చోటు లేదు. అమ్మో, ఎంత సరుకు పోగేసింది, అందుకే బయట పడుకుంటోంది అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లి "ఏమిటమ్మా ఇది?" అని ఒక్క మాట అడిగుంటే ఏం పోయేది? అడగలేదు. అనుమానించేవాళ్లకి జవాబు ముందే తెలిసి ఉంటుంది, అందుకే అడగరు.

సోమవారం పొద్దున్నే డాక్టరు గారికి చెప్పాను. ఆయన మెత్తని మనిషి, రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నారు. "చూద్దాం లెండి సిస్టర్" అన్నారు. అదేమిటి సార్, ప్రభుత్వ సామాను కదా అని నేను పట్టుబట్టాను. చివరికి అటెండరుని వెంటబెట్టుకుని ముగ్గురం కొండెక్కాం. ఆయమ్మ అరుగు మీద కూర్చుని కాన్వాసు గుడ్డకి కుట్టు వేస్తోంది. మమ్మల్ని చూసి లేచింది, కంగారు పడలేదు.

"ఇవన్నీ ఇక్కడెందుకున్నాయమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"షెడ్డులో ఉంటే ఉండవు బాబూ. నాకాడుంటేనే ఉంతాయి. పెళ్లికని ఒకలు, పేరంటానికని ఒకలు అట్టుకెళ్లిపోతన్నారు. ఒచ్చినోల్లకి సామాన్లేవీ నేవని సెప్పేత్తన్నాను. అమాస ఎల్లిన మర్నాడు అన్నీ తీసి ఎండేత్తన్నాను. లెక్క సూసుకోండి, ఒక్కటి తగ్గితే నన్నడగండి."

"ఎవరి అనుమతి తీసుకున్నావు?" అన్నాను నేను.

"అడిగితే నువ్విత్తువా సిస్టరమ్మా?"

"అమ్ముకోడానికి కాకపోతే ఎర్ర గీత బకెట్లు రేకుల కొట్టుకెందుకు పట్టుకెళ్లావు? నా కళ్లతో చూశాను."

ఆమె నావైపు చూసింది. కోపంగా కాదు. ఇన్నేళ్లు ఒక వార్డులో రాత్రింబవళ్లు కలిసి పనిచేసిన మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

అటెండరు లెక్కపెట్టాడు. పన్నెండు మంచాలు, పన్నెండు గుడ్డలు, బకెట్లు పద్నాలుగు, కొట్టులో రెండు కలిపితే పదహారు. ఏదీ తగ్గలేదు. మామూలు మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేది. నేనేమనుకున్నానో తెలుసా? ఒక్కటీ తగ్గలేదంటే, అమ్మడం ఇంకా మొదలుపెట్టలేదన్నమాట, సమయానికి పట్టుకున్నాను అనుకున్నాను.

పోలీసుల దాకా వద్దన్నారు డాక్టరు గారు. రేపటి నుంచి రావద్దని చెప్పించారు. జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. కొట్టేసిన కాగితం నా చేతుల మీదుగానే పైకి వెళ్లింది. సామానంతా తోపుడు బండి మీద షెడ్డుకి చేర్చి, కొత్త తాళం వేసి, తాళంచెవి నేను తీసుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయనకి గొప్పగా చెప్పాను. ఆయన కాఫీ తాగుతూ, "దొంగసొత్తుకి మాట్లెవరు వేయిస్తారే?" అన్నారు. ఆడవాళ్ల ఉద్యోగాల సంగతి మీకేం తెలుసని నోరు మూయించాను.

కానీ ఆ మాట నాకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. రెండు బకెట్లూ తేవడానికి అటెండరుని పంపకుండా నేనే సాయిబు గారి కొట్టుకి వెళ్లాను. ఆయన బకెట్లు తెచ్చి ముందు పెట్టారు. అడుగున కొత్త మాట్లు తళతళలాడుతున్నాయి.

"ఆమె ఎన్నిసార్లు మీకు సామాను అమ్మింది?" అన్నాను.

"అమ్మడమేటి బేటీ! తౌబా! మూడేళ్ల కాడ్నుంచి మాట్లు ఏయించుకుంటంది. నాను డబ్బులొద్దన్నాను. మా తమ్ముడు ఆ షెడ్డులోనే బతికినాడు. కర్రెట్టి కొలిసింది ఆయమ్మే కదా."

నేను బకెట్లు తెచ్చి షెడ్డులో పడేసి ఇంటికి వచ్చేశాను. ఇప్పుడైనా వెళ్లి డాక్టరు గారికి చెప్పొచ్చు. ఏమని చెప్పను? నేను తొందరపడ్డాను సార్ అనా? జాబితా అప్పటికే పైకి వెళ్లిపోయింది కదా, ఇంక చెప్పి లాభమేమిటి అని సర్దుకున్నాను. అయినా రూలు రూలే, ప్రభుత్వ సామాను ఇంట్లో పెట్టుకోవడం తప్పే అని రోజుకోసారి నాకు నేనే చెప్పుకున్నాను. కడుపులో పిరికితనం, నోట్లో రూలు. కొండవైపు వెళ్లే దారి మానేసి, బజారుకి కూడా చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాను.

ఇక షెడ్డు సంగతి. ఇప్పుడు అంతా పద్ధతిగా ఉంది. తాళం ఉంది, తాళంచెవి నా కొంగున ఉంది, చీటీ లేకుండా చీపురుపుల్ల కూడా బయటికి పోదు. కనుక అన్నీ చీటీల మీదే పోయాయి.

ఎన్నికల డ్యూటీకి వచ్చిన పోలీసులు పడుకోడానికి ఆరు మంచాలు. చీటీ మీద 'తాత్కాలికంగా' అని ఉంది, పెద్ద సంతకం ఉంది. ఇచ్చాను. ఎవరో పెద్దాయన వస్తున్నారని రోడ్డు మీద దుమ్ము అణచడానికి బకెట్లు పది. తాత్కాలికంగానే. మిగిలిన మంచాలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపుకి. ఆపరేషనైన ఆడవాళ్లు పడుకోడానికి ఇబ్బందని, గుడ్డల నడుమ కంతలకి గోనెగుడ్డ మాసికలు వేసి కుట్టేశారు. ఆ క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి వెళ్లాయి, అక్కడ్నుంచి ఎక్కడికో. చివరికి షెడ్డులో క్యాంపుల పోస్టర్లు, గోడల మీద నినాదాలు రాసే రంగు డబ్బాలు పేర్చారు, దానికీ చీటీ ఉంది. చీటీలన్నీ గుండుసూదితో గుచ్చి భద్రంగా దాచాను. ఏటా అంటురోగాలకి సిద్ధంగా ఉన్నామా అని పైనుంచి అడిగేవారు. ఇచ్చిన సామాను తిరిగొచ్చేదే కనుక ఉన్నట్టే లెక్క అని పైవాళ్లే చెప్పారు. ఉంది, ఉంది, ఉంది అని ఏటా రాసి పంపాను. పాలచెంబు తిరగేసి చూసే దాన్ని, ఆ కాగితాన్ని ఒక్కసారి తిరగేసి చూడలేదు! మనుషుల మీద ఉన్న అనుమానంలో వందో వంతు సంతకం మీద ఉంటే ఎంత బాగుండేది.

ఈలోగా ఉక్కు ఫ్యాక్టరీ పనులని ఎక్కడెక్కడి జనమో దిగారు. ఫిషింగ్ హార్బరు వైపు గుడిసెల మీద గుడిసెలు లేచాయి. మంచినీళ్ల గొట్టం మురుక్కాలవలోంచే పోయేది. అది రోజూ చూస్తూ ఆసుపత్రికి నడిచేదాన్ని. మా డాక్టరు గారు రిటైరై, కుర్రవాడైన కొత్త డాక్టరు గారు వచ్చారు. ఆయన కలరా పుస్తకాల్లో చదివారు గానీ చూడలేదు.

ఎనభైల్లో ఒక వానాకాలం. పొద్దున్న ఏడింటికి చేపలు ఎండబెట్టుకునే ఒకావిడని ఆమె మొగుడు చేపల బండి మీద తోసుకొచ్చాడు. కళ్లు లోపలికి పోయాయి, పిక్కలు పట్టేసి మెలికలు తిరుగుతోంది. నీళ్లలా పోతోంది, బియ్యం కడిగిన నీళ్లలా. చూడగానే నాకు తెలిసిపోయింది. వెనక ఇంకో రిక్షా. దాని వెనక ఇంకొకటి. "షెడ్డు తెరవండి సిస్టర్!" అన్నారు డాక్టరు గారు.

తెరిచాను. పోస్టర్ల కట్టలు, రంగు డబ్బాలు. రేకు సందుల్లోంచి వానచుక్కలు. ఒక్క మంచం లేదు. మూలన మాట్లు వేసిన రెండు బకెట్లు ఉన్నాయి, మిగతావి ఎవరు ఎత్తుకుపోయారో తెలీదు. బ్లీచింగ్ డబ్బా మూత తీస్తే ముక్కు మండాలి. ఏ వాసనా లేదు, సున్నప్పొడిలా చచ్చిపడి ఉంది. డాక్టరు గారు నావైపు తిరిగి, "పన్నెండు మంచాలున్నాయని మీ సంతకంతో కాగితం చూశానే?" అన్నారు. చీటీలున్నాయి సార్ అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. నోరు పడిపోతే బాగుండేది.

అందర్నీ నేల మీదే పడుకోబెట్టాం. మధ్యాహ్నానికి తొమ్మిది మంది. నేలంతా తడి, ఎవరిదెంత పోతోందో తెలీదు, ఎవరికెన్ని సీసాలో తెలీదు. మొదటొచ్చిన ఆవిడకి చాలిందనే అనుకున్నాం. చాలలేదు. వేడినీళ్లు తెమ్మని మొగుణ్ని పంపితే, అతను గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. అతను గ్లాసు కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయాడు. నేను అక్కడ్నుంచి బయటికి వచ్చి, వానలో కొండెక్కాను.

ఆయమ్మ తలుపు తెరిచే ఉంది. ఆమె లోపల బియ్యం ఏరుకుంటోంది. జుట్టంతా నెరిసిపోయింది. గదంతా ఖాళీ, ఒక చాప, ఒక కుండ. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"మల్ల ఏటి పోనాది సిస్టరమ్మా? ఎతుక్కో. ఇల్లు తెరిసే ఉంది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. గుమ్మంలోనే కూలబడ్డాను. "కలరా వచ్చింది ఆయమ్మా. నేల మీద పడున్నారు. ఒక మనిషి పోయింది. నువ్వు రావాలి" అన్నాను.

ఆమె ఏరిన బియ్యం కుండలో పోసి మూత పెట్టింది. తర్వాత, "కాగితం రాయి" అంది.

"ఏం కాగితం?"

"నువ్వు పిలిత్తేనే ఒచ్చినానని రాయి. నాను తెచ్చిందేదో, తీసుకెల్లేదేదో నాదని రాయి. రేపు మల్ల పది మందిని ఎంటేసుకుని ఒచ్చి నా గది లెక్కెట్టేత్తే నానేటి సేత్తాను?"

నన్ను ఎవరూ ఇంతగా అనుమానించలేదు. అంతకంటే న్యాయమైన అనుమానాన్నీ నేను చూడలేదు. నా సంచిలో మందుల చీటీ ఉంటే దాని వెనక రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆమెకి చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంతకం దగ్గర వేలు పెట్టి, "ఇది నీదే కదా?" అని అడిగి, బొడ్లో దోపుకుంది. చూరులోంచి గాట్ల కర్ర లాగింది. "పద" అంది.

షెడ్డులోకి అడుగుపెడుతూనే గట్టిగా తిట్టింది, ఎవర్నని కాదు, అందర్నీ కలిపి. తర్వాత గుమ్మంలో నిలబడి రోగుల తాలూకు వాళ్లని కేకేసింది.

"ఇంటికెల్లి మీమీ నులక మంచాలు తెచ్చుకోండి! బేగి లగెత్తండి! ఏటలా సూత్తారు?"

మంచాలు వచ్చాయి. నులక నడుమన తాళ్లు పక్కకి లాగి ముడేసి కంత చేసింది. రంగు డబ్బాల్లో రంగు కాలవలో పారబోయించి, కడిగించి, మంచాల కింద పెట్టించింది. డబ్బా లోతు వేరు, కర్ర గాట్లు పనికిరావు. అందుకని ఖాళీ సెలైన్ సీసాతో నీళ్లు కొలిచి పోసి, ఒక్కో సీసాకి మేకుతో గీత పెట్టింది. అన్నిటికీ అలాగే. డాక్టరు గారు నోరు తెరుచుకుని చూస్తూ, "ఎవరండీ ఈమె?" అన్నారు. నేను చెప్పబోయేంతలో ఆయమ్మ అరిచింది.

"డాకటేరు బాబూ! కిటికీ పక్కోడికి మూడు గీతలు! మాటలు తర్వాత!"

కలరా తగ్గేదాకా ఆమె ఇంటికి వెళ్లలేదు. తర్వాత వచ్చినవాళ్లలో ఎవర్నీ పోనివ్వలేదు. మొదటొచ్చిన ఆవిడ ఒక్కతే పోయింది. ఆ ఒక్కతే ఇప్పటికీ నా కళ్లలో ఉంటుంది, గ్లాసు పట్టుకున్న మొగుడితో సహా.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన ప్రభుత్వాలకి బాగా వచ్చు. వెంటనే అన్నీ వచ్చాయి. కొత్త మంచాలు, కొత్త బకెట్లు ఇరవై, లారీతో బ్లీచింగ్. పెద్దవాళ్లు వచ్చి ఫోటోలు దిగారు. ఈసారి దండ కొత్త డాక్టరు గారికి. ఆయన మంచివాడు. నేను జరిగిందంతా దాచకుండా రాసి, ఆమె తప్పేమీ లేదు, తప్పు నాది, ఉద్యోగమిచ్చి పర్మినెంట్ చేయండి అని అర్జీ పెడితే సంతకం చేసి పైకి పంపారు. మూడు నెలలకి జవాబొచ్చింది. వయసు మీరింది కనుక వీలుపడదట. ఆ కాగితం నేనే తీసుకెళ్లి చదివి వినిపించాను. ఆమె విని, "మీరింది కదా మరి" అంది. నేను ఆమె కాళ్లు పట్టుకోబోతే కాళ్లు వెనక్కి లాక్కుంది. "లెగమ్మా, నీ కోక పాడైపోద్ది" అంది. క్షమించానని మాత్రం అనలేదు. అనమని నేను అడగలేకపోయాను.

ఆ వారమే మొదటి చీటీ వచ్చింది. ఎక్కడో సభ ఉందట, బకెట్లు పది కావాలట, తాత్కాలికంగా. సంతకం చాలా పెద్దది. చీటీ తెచ్చినవాడిని మధ్యాహ్నం రమ్మని పంపేశాను. తాళం తీసి, బకెట్లలో పన్నెండు రెండు రిక్షాల్లో వేయించి, కొండ కిందికి తీసుకెళ్లాను. నా ఉద్యోగంలో అలాంటి పని అదే మొదలు.

ఆయమ్మ అరుగు మీద నుంచి దిగొచ్చి బకెట్లని చూసింది. ఒకదాని అడుగు వేలితో కొట్టి చూసింది. రేకు పలచన అంది.

"ఇవి నీ దగ్గర ఉంచు ఆయమ్మా. నాకు ఇంకెవరి మీదా నమ్మకం లేదు" అన్నాను.

ఆమె నావైపు చూసి నవ్వింది. ఇన్నేళ్లలో ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

"నాకొద్దు సిస్టరమ్మా. నా వంతు అయిపోనాది. నీ ఇంట్లో ఎట్టుకో. ఈపాలి దొంగవి నువ్వవ్వు."

రిక్షాలు మా ఇంటికి తిప్పించాను. మధ్యాహ్నం వచ్చినవాడికి ఇవ్వడానికి పది బకెట్లు లేవని చెప్పాను. సాయంత్రం మా ఆయన వచ్చి బకెట్లు చూశారు, నన్ను చూశారు, కస్టమ్స్ మాట ఎత్తలేదు. తన ట్రంకుపెట్టె పక్కకి జరిపి మంచం కింద చోటు చేశారు.

అమావాస్య వెళ్లిన మర్నాడు వాటిని కడిగి డాబా మీద ఎండకి బోర్లించాను. పన్నెండూ వరసగా, చుట్టూ ఎర్ర గీతలతో. కిందికి చూస్తే, మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు పిల్ల కూరల సంచితో రోడ్డు మీద ఆగిపోయి, తలెత్తి, పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. ఆ చూపు ఎలాంటిదో నాకు తెలుసు. పిలిచి చెబుదామనుకున్నాను, కానీ ఏ మాట చెప్పినా ఆమె నమ్మదని కూడా నాకు తెలుసు. ఆమె ఏమీ అడగకుండా ఆసుపత్రి వైపు గబగబా నడిచింది. నేను బకెట్లు తీయలేదు, అవి ఇంకా ఎండాలి.